తిరువయ్యారు ఆరాధనకు వెళ్లి పంచరత్నాల్లో గొంతు కలపడం ఎలా

త్యాగరాజస్వామి 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు, తిరువయ్యారులో సిద్ధి పొందారు. ఏటా ఆ తిథికి కావేరి ఒడ్డున సమాధి దగ్గర పందిరి వేసి, ఐదు రోజులపాటు పొద్దున మొదలుపెట్టి రాత్రి బాగా పొద్దుపోయేదాకా కచేరీలు చేస్తారు. టికెట్ ఉండదు, సీటు నంబరు ఉండదు, నేలమీదే కూర్చోవాలి. చివరి రోజైన పంచమి పొద్దున తొమ్మిది గంటల ప్రాంతంలో వందలమంది కలిసి ఐదు ఘనరాగ పంచరత్న కీర్తనలూ పాడతారు.

వినడానికి వెళ్లేవాళ్లకి రెండు రోజుల సెలవు, రైలు టికెట్ ఉంటే చాలు. పాడడానికి వెళ్లేవాళ్లు మాత్రం ఆగస్టులోనే మొదలుపెట్టాలి. కింద రాసినదంతా ఈ రెండో రకం వాళ్లని దృష్టిలో పెట్టుకునే. మొదటి రకం వాళ్లు పాఠం గురించిన భాగం దాటేసి మిగతాది చదువుకోవచ్చు.

ముందు తేదీ ఖాయం చేసుకోండి

పంచమి 2023లో జనవరి 11న, 2024లో జనవరి 30న, 2025లో జనవరి 18న వచ్చింది. అంటే పోయినేడాది తేదీ చూసి సెలవు పెట్టకూడదు. మన తెలుగు పంచాంగంలో పుష్య మాసం, బహుళ పక్షం, పంచమి చూడండి. ఫోన్‌లో పంచాంగం చూసేవాళ్లు ఒక పొరపాటు చేస్తుంటారు. ఉత్తరాది లెక్కలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, కాబట్టి మన పుష్య బహుళం వాళ్లకి మాఘ కృష్ణ పక్షం అవుతుంది. యాప్ ఆ లెక్కలో ఉంటే ‘పుష్య కృష్ణ పంచమి’ అని సరిగ్గా నెల ముందు తేదీ చూపిస్తుంది. సెట్టింగులో అమాంత పద్ధతి, అంటే నెల అమావాస్యతో ముగిసే లెక్క, పెట్టుకోండి. తేదీ దొరికాక అక్కణ్నుంచి నాలుగు రోజులు వెనక్కి లెక్కిస్తే ఉత్సవం మొదలయ్యే రోజు దాదాపుగా వస్తుంది. ఒక్కో ఏడు ఆరు రోజులూ చేస్తారు. నిర్వహించే శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభ కార్యక్రమం ప్రకటించగానే దానితో సరిచూసుకోండి.

రెండో పొరపాటు ఊరి పేరుతో. త్యాగరాజు పుట్టింది తిరువారూరులో, సమాధి ఉన్నది తిరువయ్యారులో. తిరువారూరుకి రైల్వే స్టేషన్ ఉంది, తిరువయ్యారుకి లేదు. అందుకే టికెట్ బుక్ చేసేటప్పుడు ‘తిరువ...’ అని కొట్టగానే మొదటిదే కనిపిస్తుంది. అది తంజావూరుకి అవతల యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. మీరు దిగాల్సింది తంజావూరులో.

పాఠం: ఐదు నెలల పని

ఐదు కీర్తనలూ ఆది తాళమే. వరస ఇది: నాటలో ‘జగదానందకారక’, గౌళలో ‘దుడుకు గల’, ఆరభిలో ‘సాధించెనె’, వరాళిలో ‘కనకన రుచిరా’, శ్రీరాగంలో ‘ఎందరో మహానుభావులు’. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. పాడే వరసలోనే నేర్చుకోవాలనేం లేదు, నేర్చుకోకపోవడమే మంచిది. చెవికి బాగా అలవాటైన శ్రీరాగంతో మొదలుపెట్టి, ఆరభి, నాట, గౌళ చూసుకుని, వరాళి చివర పెట్టుకోండి. ఒక్కో కీర్తనకి మూడు నాలుగు వారాలు. చివరి నెల కొత్తది ఏమీ ముట్టుకోకుండా ఐదూ కలిపి పాడడానికి ఉంచుకోండి.

వరాళిని గురువు శిష్యుడికి నేరుగా చెప్పకూడదన్న నమ్మకం సంగీత కుటుంబాల్లో ఇంకా ఉంది. అందువల్ల చాలామంది దాన్ని విని నేర్చుకున్నవాళ్లే, గోష్ఠిలో, అంటే అందరూ కలిసి పాడేటప్పుడు, అన్నిటికంటే బలహీనంగా వినిపించేదీ అదే. నమ్మకాన్ని గౌరవించేవాళ్లు రికార్డింగు దగ్గర పెట్టుకుని నేర్చుకుని, తర్వాత తెలిసినవాళ్ల చేత తప్పులు దిద్దించుకోవచ్చు. ఎటు చూసినా గంటలు ఎక్కువ పెట్టాల్సింది వరాళికే. అందులో గాంధారం బాగా కింద పలకాలి, మధ్యమం ప్రతిమధ్యమం. అలసిన గొంతులో గాంధారం పైకి జారితే రాగం రంగు మారిపోతుంది. ఇక గౌళలో రిషభాన్ని కిందికి దించి నిలపాలి. పక్కన యాభైమంది కొంచెం పైన పట్టుకుంటే మీదీ వాళ్లతోపాటే పోతుంది. ఇంట్లో తంబురా ఒక్కటే పెట్టుకుని ఆ రెండు స్వరాలనీ రోజూ పది నిమిషాలు విడిగా నిలిపి చూసుకోండి.

ప్రతి చరణానికీ ముందు స్వరం, తర్వాత సాహిత్యం. జనం తప్పిపోయేది చరణాల్లో కాదు, చరణానికీ చరణానికీ మధ్య. ‘సాధించెనె’లో ప్రతి చరణం తర్వాత ‘సమయానికి తగు మాటలాడెనె’ దగ్గరికి వస్తారు. పల్లవికి వెళ్తారనుకుని ‘సాధించెనె’ అని గట్టిగా ఎత్తుకున్నవాళ్లు ఏటా ఉంటారు. నోట్‌బుక్‌లో ప్రతి చరణం కింద ‘ఎక్కడికి, ఎన్నిసార్లు’ అని ఎర్ర ఇంకుతో రాసుకోండి. సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీర్లు, ఎన్ని, ఏ వరసలో అన్నదీ అంతే.

పాఠాంతరం గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. త్యాగరాజు శిష్యపరంపరల్లో ఉమయాళ్‌పురం, వాలాజాపేట, తిల్లైస్థానం అని మూడు పేరున్నవి ఉన్నాయి. ఒకే కీర్తన మూడు దారుల్లో వచ్చింది కనుక సంగతుల్లో, కొన్ని మాటల్లో తేడాలుంటాయి. మీ గురువుగారు చెప్పింది తప్పని కాదు. గోష్ఠిలో మాత్రం అక్కడ నడిచేదే పాడాలి, మీదే సరైనదని నిరూపించడానికి అది చోటు కాదు. ఆకాశవాణి, దూరదర్శన్ ప్రసారం చేసిన ఆరాధన రికార్డింగుల్లో గత మూడేళ్లవి తీసుకోండి. మీ పుస్తకం ముందు పెట్టుకుని విని, తేడా ఉన్న ప్రతిచోటా పెన్సిల్‌తో గీయండి. మూడేళ్లలోనూ ఒకేలా ఉన్నదాన్ని నేర్చుకోండి. ఏడాదికో రకంగా ఉన్నచోట, వేదికకి దగ్గర్లో కూర్చున్నవాళ్లు ఎటు తిప్పితే అటు పోవాలి. ఖాయంగా తెలియని చోట నోరు మూసుకుని తాళం వేయడంలో నామోషీ ఏం లేదు. పేరున్న విద్వాంసులూ ఆ పని చేస్తారు.

తెలుగువాళ్లకి సాహిత్యం సొంతభాష కనుక ఒక సుఖం, ఒక ప్రమాదం. తమిళ లిపిలో క, గ, ఖ, ఘలకి ఒకే అక్షరం. అందుకే అక్కడివాళ్లు పుస్తకాల్లో అక్షరం పక్కన అంకెలు వేసుకుని ఉచ్చారణ సాధిస్తారు. అంత శ్రద్ధ తీసుకోని తెలుగువాడు మాట తెలిసిందే కదా అని ‘అందరికి వందనములు’ని వాడుకలోలా ‘అందరికీ’ అని లాగుతాడు. సంగీతం అక్కడ హ్రస్వమే అడుగుతుంది. ‘దుడుకు గల నన్నే దొర కొడుకు’ అన్నచోట అర్థం ‘నన్ను, ఏ దొరకొడుకు’ అని. ‘నన్నే’ దగ్గర ఊపిరి తీస్తే అర్థం విరిగిపోతుంది. ఊపిరి ఎక్కడ తీయాలో కూడా పుస్తకంలో గుర్తు పెట్టుకోండి.

డిసెంబరు నుంచి వారానికి రెండుసార్లు పరీక్ష పెట్టుకోండి. ఐదూ ఆపకుండా వరసగా పాడితే దాదాపు గంట పడుతుంది, కొంచెం అటూ ఇటూ. పుస్తకం మూసి, నేలమీద బాసింపట్టు వేసుకుని, చేత్తో తాళం వేస్తూ పాడాలి. శ్రుతి మీ ఇష్టం కాదు కాబట్టి మీరు మామూలుగా పాడే శ్రుతికి అర మెట్టు పైన ఒకరోజు, అర మెట్టు కింద ఇంకోరోజు తంబురా పెట్టుకోండి. మీది కాని శ్రుతిలో పై షడ్జం దాటాక గొంతు ఎక్కడ ఆగుతుందో ఇంట్లోనే తెలియాలి. అందని చోట అరవకుండా మెల్లగా పాడడమో, వదిలి మళ్లీ అందుకోవడమో చేయాలి.

మన ఊళ్లలో సభలు చాలావరకు ఆరాధనని తిథి నాడు కాక దగ్గర్లో ఆదివారం చేస్తాయి. ముందు ఆదివారం చేసేది దొరికితే అక్కడ గోష్ఠిలో కూర్చోండి, అంతకన్న మంచి రిహార్సల్ లేదు. అమెరికాలో ఉన్నవాళ్లకి క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవం ఉంది. 1978 నుంచి వసంతకాలంలో జరుగుతోంది, అందులోనూ పంచరత్న గోష్ఠి ఉంటుంది. ఏప్రిల్‌లో అక్కడ పాడి, జనవరికి ఇక్కడికి రావచ్చు.

రైలు, బస

రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తున్నారు. పంచమి సంక్రాంతికి దగ్గర్లో పడిన ఏడు (2025లో 14 నుంచి 18 దాకా జరిగింది) పొంగల్ రద్దీ కూడా తోడవుతుంది, తెరిచిన పూటే తీసుకోవాలి. మామూలు దారి చెన్నై ఎగ్మూరు నుంచి తంజావూరుకి రాత్రి రైలు, ఉళవన్ ఎక్స్‌ప్రెస్. హైదరాబాద్, విజయవాడ రైళ్లు ఎక్కువగా చెన్నై సెంట్రల్‌కి వెళ్తాయి. సెంట్రల్ నుంచి ఎగ్మూరు మారడానికి రెండు గంటలైనా చేతిలో ఉంచుకోండి. విమానంలో వచ్చేవాళ్లు తిరుచ్చిలో దిగి, అక్కణ్నుంచి అరవై కిలోమీటర్ల లోపున్న తంజావూరుకి బస్సులోనో రైల్లోనో రావచ్చు.

బస తంజావూరులోనే. తిరువయ్యారులో గదులు తక్కువ, ఉన్నవి కళాకారులకీ వాళ్ల బంధువులకీ పోతాయి. తంజావూరులో పాత బస్టాండుకి నడిచే దూరంలో గది తీసుకుంటే సగం పని అయినట్టే, తిరువయ్యారు టౌన్ బస్సులు అక్కడే దొరుకుతాయి. కొత్త బస్టాండు ఊరికి దూరం, అది దూరప్రయాణాలకి. ‘తిరువయ్యారు పోగుమా?’ అని అడిగితే కండక్టరు తలూపుతాడు. దూరం 13 కిలోమీటర్లు, అరగంట నుంచి ముప్పావుగంట. దారిలో వంతెన తర్వాత వంతెన వస్తుంది. ఊరి పేరుకి మూలమైన ఐదు ఏర్లూ అవే.

సంచిలో ఏం పెట్టుకోవాలి

జనవరిలో తంజావూరు పగలు 29, 30 డిగ్రీలు, రాత్రి 20 దాకా దిగుతుంది. తెల్లవారుజామున ఏటి ఒడ్డున మంచు పడుతుంది. గొంతుని చెడగొట్టేది చలి కాదు, ఆ తడి. చెవులు, మెడ కప్పుకోవడానికి పల్చటి శాలువా ఒకటి కావాలి. మనిషి కూర్చునేంత మడత చాప, దానిమీద వేసుకోవడానికి రెండు అంగుళాల దిండో మడిచిన దుప్పటో తెచ్చుకోండి. తుంటి కొంచెం ఎత్తులో ఉంటే మోకాళ్లు, నడుము రెండు గంటలు ఎక్కువ ఓర్చుకుంటాయి. దోమల క్రీము, మనిషికి లీటరు గోరువెచ్చని నీళ్లు, చిల్లర నోట్లు. చెప్పులు పెట్టుకోవడానికి ఒక గుడ్డసంచి. బయట వదిలితే వేల జతల్లో వెతుక్కోవడం తప్పదు, చేతిలో ఉంటే ఆ బాధ లేదు.

సాహిత్యం పుస్తకం పెద్ద అక్షరాల్లో, ఒక్కో కీర్తన ఎదురెదురు రెండు పేజీల్లో వచ్చేలా ప్రింట్ తీసుకోండి. చరణం మధ్యలో పేజీ తిప్పితే ఆ చరణం పోయినట్టే. ఫోన్‌లో చూస్తూ పాడదామనుకోవద్దు. ఎండలో తెర కనపడదు, తాళం వేసే చెయ్యి ఖాళీగా ఉండదు. మగవాళ్లకి పంచె, ఆడవాళ్లకి చీర అక్కడి వాడుక. పట్టుచీర కట్టుకునేవాళ్లు పాత పట్టు కట్టుకోండి, నేలమీద కూర్చోవాలి, చుట్టూ జనం.

మొదటి నాలుగు రోజులు

కచేరీ ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, అంతకంటే తక్కువ కూడా. పేరు మోసిన విద్వాంసుడికీ, మొదటిసారి వచ్చిన పిల్లకీ దాదాపు అదే కొలత. డబ్బు ఎవరూ తీసుకోరు. కాబట్టి ఇక్కడ రాగం తానం పల్లవి లాంటి సుదీర్ఘమైన అంశాల కోసం చూడకండి. ఒకరు రెండు కీర్తనలు పాడి లేస్తే ఇంకొకరు వస్తారు. రోజంతా కదలకుండా కూర్చుందామని మొదటిరోజే పట్టుబడితే మూడో రోజుకి వినే శక్తి పోతుంది. పొద్దున ఒక రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు చాలు. మధ్యాహ్నం భోజనవేళకి పందిరి పల్చబడుతుంది. సమాధికి దగ్గరగా కూర్చుని వినాలంటే అదే సమయం, ఇంకా పేరు రాని మంచి గొంతులు దొరికేదీ అప్పుడే. అక్కడ కచేరీ చేయాలనుకునేవాళ్లు సభకి దరఖాస్తు నెలల ముందు పంపాలి, వచ్చి అడిగితే దొరకదు.

ఆ నాలుగు రోజుల్లో ఒక పూట స్థలం చూసుకోవడానికి కేటాయించండి. సమాధి, పందిరిలో ఆడవాళ్లూ మగవాళ్లూ కూర్చునే పక్కలు, మరుగుదొడ్లు, మంచినీళ్లు, తిరుమంజన వీథిలో త్యాగరాజు ఇల్లు ఉన్న చోట కట్టిన స్మారకం. పంచమి పొద్దున వీటిని వెతకడం కుదరదు. ఆరోజు ఫోన్లు సరిగ్గా కలవవు కాబట్టి తప్పిపోతే కలుసుకునే చోటు ముందే చెప్పుకోండి. బెంగళూరు నాగరత్నమ్మ సమాధి దగ్గర అనుకోవడం తేలిక, ఎవరిని అడిగినా చూపిస్తారు. స్వామి సమాధి మీద గుడి కట్టించింది ఆమే. ఆడవాళ్లకి అక్కడ పాడే వీలు లేని రోజుల్లో వేరుగా ఆరాధన నడిపించింది. అలా విడివిడిగా ఆరాధన చేస్తున్న వర్గాలన్నీ 1940లో ఒకటయ్యాకే ఇప్పుడు మనం చూసే ఉమ్మడి ఉత్సవం వచ్చింది.

కావేరిలో స్నానం చేసేవాళ్లకి ఒక మాట. మెట్టూరు ఆనకట్ట నుంచి నీళ్లు మామూలుగా జూన్ 12 నుంచి జనవరి 28 దాకా వదులుతారు, అంటే చాలా ఏళ్లు ఆరాధన నాటికి ఏట్లో ప్రవాహం ఉంటుంది. మెట్లమీదే మునిగి లేవండి. తలస్నానం మాత్రం పంచమి తెల్లవారుజామున వద్దు, జుట్టు ఆరదు, గొంతు పడుతుంది.

పంచమి పొద్దున

ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకోండి. చతుర్థి రాత్రి పెద్ద కచేరీలు ఊరిస్తాయి కానీ, పాడదలచుకున్నవాళ్లకి ఆ త్యాగం తప్పదు. తంజావూరు నుంచి వెళ్లడానికి ఆటోనో కారునో ముందురోజే మాట్లాడుకుని ఐదింటికి బయల్దేరండి. సమాధి దగ్గరికి బళ్లు వదలరు, చివర కొంత నడక ఉంటుంది. రెండు ఇడ్లీలు, అరకప్పు కాఫీ తాగితే చాలు. ఒకసారి లోపల కూర్చున్నాక బయటికి రావడం అంటే యాభైమందిని లేపడం.

త్యాగరాజు ఇంటి నుంచి సమాధి దాకా ఉంఛవృత్తి భజన, అంటే పాడుతూ భిక్ష స్వీకరిస్తూ నడిచే భజన, వస్తుంది. దానితో నడిచి రావాలని ఉంటుంది, నడిస్తే మాత్రం గోష్ఠిలో వెనక వరసలే దొరుకుతాయి. రెండూ కావాలంటే ఇద్దరు వెళ్లి, ఒకరు చాప వేసుకుని కూర్చోవాలి. ముందు వరసలు విద్వాంసులకి, నిర్వాహకులకి. వాటికోసం వాదన పెట్టుకోవద్దు. మామూలువాళ్లకి మంచి చోటు ఏదంటే, తాళం వేసే పెద్దల చెయ్యి కనపడుతూ, ఒక లౌడ్‌స్పీకరు దగ్గర్లో ఉన్న చోటు.

ఎందుకంటే ధ్వని సెకనుకి 340 మీటర్లే పోతుంది. వేదికకి 34 మీటర్ల దూరంలో మీరుంటే అక్కడి గొంతు నేరుగా మీ చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు ఆలస్యం. మీ పక్క స్పీకరుకి తీగ మీద వెంటనే వచ్చేసింది. అక్షరానికి నాలుగు స్వరాలు నడిచే చరణాల్లో పదో వంతు సెకను అంటే సగం స్వరం పైన. దూరపు గొంతుల్ని పట్టుకుని పాడేవాళ్లు వెనకబడతారు, వాళ్లని విని వాళ్ల వెనకవాళ్లు ఇంకా వెనకబడతారు. గోష్ఠి సాగిపోతోంది అని పెద్దలు విసుక్కునేది ఇందుకే. కంటికి చెయ్యి, చెవికి దగ్గరి స్పీకరు, ఈ రెండే నమ్మండి. ఇతరుల తప్పులు వినిపించినా వదిలేయండి.

నాదస్వరం, తర్వాత వేణువులమీద భైరవిలో ‘చేతులార’ కీర్తన అయ్యాక గోష్ఠి మొదలవుతుంది. శ్రుతి చెవిన పడగానే పెదవి విప్పకుండా షడ్జం, పంచమం పట్టి చూసుకోండి. నాటలో సగం గొంతుతోనే పాడండి. అందరూ చేసే తప్పు మొదటి కీర్తనలోనే గొంతంతా పెట్టేయడం. ఆరభి ఉత్సాహంలో వేగం పెరుగుతుంది, అక్కడ తాళం చెయ్యి గట్టిగా వేయండి. వరాళికి వచ్చేసరికి శ్రుతి కిందికి జారుతుంది, కళ్లు మూసుకుని ఒక ఆవర్తనం తంబురా విని అందుకోండి. శ్రీరాగానికి మిగిలిన గొంతంతా వాడుకోవచ్చు. కీర్తనల మధ్య విరామం కొన్ని క్షణాలే, నీళ్ల సీసా మూత ముందే వదులుచేసి ఉంచుకోండి.

ఆ గంటలో వీడియో తీయడం వద్దు. దూరదర్శన్ కెమెరాలు మీకంటే మంచి చోట్లో ఉంటాయి. మోకాళ్ల నొప్పులవాళ్లు పందిరి అంచున కూర్చుంటే కాలు చాపుకునే వీలుంటుంది.

అయిపోగానే అందరితోపాటు లేవకండి. సమాధి దర్శనానికి, బయటి దారికి జనం ఒకేసారి కదులుతారు. ఇరవై నిమిషాలు కూర్చునే ఉంటే తర్వాతి కచేరీ మొదలవుతుంది, తోపులాట తగ్గుతుంది. అప్పుడు బయటికొచ్చి ఊళ్లో అశోకా హల్వా తినండి. పెసరపప్పుతో చేస్తారు, తిరువయ్యారు పేరు చెబితే తంజావూరు జిల్లాలో మొదట గుర్తొచ్చేది అదే. నెయ్యి బాగా ఉంటుంది కాబట్టి, సాయంత్రం ఇంకెక్కడైనా పాడాల్సి ఉంటే ఆ పని అయ్యాకే తినాలి.

తిరుగు రైలు పంచమి సాయంత్రానికి పెట్టుకోకండి. రాత్రి స్వామి ఊరేగింపు, ఆ తర్వాత ఆంజనేయోత్సవంతోగానీ ఆరాధన ముగియదు. మర్నాటికి టికెట్ తీసుకుంటే పొద్దున తంజావూరు పెద్దగుడి, తెలుగు తాళపత్రాలున్న సరస్వతీ మహల్ గ్రంథాలయం చూసుకుని రాత్రి రైలెక్కవచ్చు. ఆంజనేయోత్సవం అయ్యేసరికి చివరి టౌన్ బస్సు ఉంటుందని నమ్మకం లేదు. పొద్దున తెచ్చిన ఆటో అతన్నే రాత్రికీ రమ్మని, ఎక్కడ ఆగాలో గుర్తు చెప్పి పంపండి.